పేరు మధ్యలో ఏపీ

...రెండక్షరాలే కదా అంటాడా. జంషెడ్‌పూర్ సాక్చి బజారు దాకా ఆ మాట ఆరోగ్యస్వామి చెవిలోనే ఉంది. ఆటో దిగాడు, నోటరీల వరస దాటాడు, టైపు కొట్టే రమాదేవి బల్ల ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మాట మాత్రం దిగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఫర్నేసు దగ్గర పనిచేసిన మనిషిని ఒక గుమాస్తా ఇంతగా కాల్చగలడని అతను ఎప్పుడూ అనుకోలేదు.

పక్కన కోడలు డార్కస్. ఆమె ఒళ్ళో ఎర్ర అట్ట మలేషియా పాస్‌పోర్టు. అయిదు నెలల్లో దాని గడువు తీరిపోతుంది.

పొద్దున కలెక్టరాఫీసులో గుమాస్తా కిషోర్ విడమరిచి చెప్పాడు. డార్కస్ భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి మూడేళ్ళయింది, ఫైలు ఇంకా ఢిల్లీలో ఉంది. అది తేలేదాకా పాత దేశపు పాస్‌పోర్టు బతికి ఉండాలి. అది చస్తే వీసా చస్తుంది, వీసా చస్తే ఫైలు చస్తుంది. కాబట్టి రేపే బండెక్కి ఢిల్లీలో వాళ్ళ హైకమిషన్‌కి వెళ్ళాలి.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు కిషోర్ పేరు నడుమ వేలు పెట్టి ఇదేమిటన్నాడు. ‘డార్కస్ ఏ/పీ సామ్యేలు’. చివరిది ఆమె తండ్రి పేరు.

“బీచ్ మే యే క్యా హై?”

“ఆంధ్రప్రదేశ్,” అన్నాడు ఆరోగ్యస్వామి, కోడలి కంటే ముందు.

కిషోర్ నవ్వాడు. మనిషి పేరులో రాష్ట్రం పేరెందుకు, రెండక్షరాలే కదా, కొత్త పాస్‌పోర్టులో తీయించేయండి అన్నాడు. తీయించకపోతే అదేమిటో రాసి సాక్షి సంతకంతో అఫిడవిట్ ఇవ్వాలి. ఏదీ చేయకపోతే ఫైలు వెనక్కి వస్తుంది, మళ్ళీ మొదటి నుంచి.

రెండక్షరాలే. ఆ రెండక్షరాలు చూసే కదా పదకొండేళ్ళ క్రితం ఈ సంబంధం ఖాయం చేశాడు. అతనికి సొంత ఊరు జ్ఞాపకం లేదు. అయిదో ఏట జంషెడ్‌పూర్ వచ్చేశాడు. గుర్తులేని ఊరి మీద ప్రేమకు ఏదో ఒక ఆనవాలు కావాలి కదా. అది అతనికి పెళ్ళికూతురి బయోడేటాలో దొరికింది. ఆమె తాత విశాఖలో ఓడెక్కి మలయా రబ్బరు తోటలకు పోయేనాటికి ఆంధ్రప్రదేశ్ పుట్టనే లేదు. అది పుట్టాక, అంత దూరాన ఉండి, దాన్ని పిల్ల పేరు నడుమ పెట్టుకున్నారంటే ఎంత అభిమానం! ఆమె అన్న పేరులో మాత్రం ‘ఏ/ఎల్’ అని పడింది. అక్కడి గుమాస్తా ఎవడో ‘పీ’ బదులు ‘ఎల్’ కొట్టాడనుకున్నాడు.

బారిడీహ్ చర్చిలో అందరికీ ఆమెను ‘మా ఏపీ కోడలు’ అనే పరిచయం చేశాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఏదో చెప్పబోయి, అతని ముఖం చూసి, నవ్వి ఊరుకుంది.

ఫోను మోగింది. కొడుకు సూరజ్. వాడిదీ తీసెయ్యమనే మాటే.

“హటా దో నా, పాపా. క్యా ఫరక్ పడ్తా హై?”

“నీకేటి ఫరక్ పడతాదిరా? తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చీవోడివి.” ఫోను పెట్టేసి కోడలి వైపు తిరిగాడు. “నువ్వు సెప్పమ్మా. తీయించేత్తావా?”

“తీయించను మావయ్యా.”

“ఫైలు ఎనక్కొచ్చినా?”

“వచ్చినా సరే. అది తీసేత్తే ఇంక నాకేటి మిగుల్తాది?”

పోయినేడు ఆమె తండ్రి పోయినప్పుడు, పాస్‌పోర్టు వీసా పొడిగింపు కోసం ఆఫీసులో ఇరుక్కుపోవడంతో ఆమె వెళ్ళలేకపోయింది. ఆ సాయంత్రం చింపిన క్యాలెండరు కాగితం వెనక తన పేరు మొత్తం రాసుకుంటూ కూర్చుంది. నడిమి రెండక్షరాల మీద మళ్ళీ మళ్ళీ దిద్దింది, కాగితం చిరిగేదాకా. దుఃఖంలో మనిషికి మాతృభూమి గుర్తొస్తుంది కాబోలని అప్పుడతను అనుకున్నాడు. కడుపున పుట్టినవాడికి లేని పౌరుషం ఈ పిల్లకుంది.

“ఏటి రాయమంటారు అన్నయ్యగారూ?” అంది రమాదేవి. ఆమెది టాటానగర్‌లో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబం.

“రాయమ్మా. ఆంధ్రప్రదేశ్ అనగా...”

“చరిత్ర పుస్తకం కాదండీ, ఒక్క పేజీయే.”

“నాను రాసి తెచ్చినాను,” అని డార్కస్ ఒక చీటీ అందించింది. రమాదేవి చదివింది. ఆరోగ్యస్వామి వంక ఒకసారి చూసి, టైపు కొట్టి, కాగితం అతని ముందు పెట్టింది.

“సాక్షి మీరే కదా. చదువుకుని సంతకం పెట్టండి.”

డార్కస్ సంచిలోంచి అతని కళ్ళజోడు తీసింది. “ఎట్టుకోండి మావయ్యా.”

“నాకేటవసరం? ఫర్నేసులో రంగు చూసి వేడి సెప్పీవోణ్ని. ఇందులో ఏటున్నాదో నాకు తెల్దా?” కలం తీశాడు.

ఆమె కాగితం మీద చెయ్యి పెట్టింది. పదకొండేళ్ళలో ఎప్పుడూ అతని మాటకు అడ్డు రాని చెయ్యి.

“మీరు సదివితేనే ఇది ఢిల్లీ పట్టుకెళ్తాను.”

ఆ కళ్ళలో తడి ఉంది. బెదురు లేదు, తలెత్తుకుని చూస్తోంది. తన గర్వం లాంటిదే అది. అతను కళ్ళజోడు అందుకుని, చొక్కా అంచుతో తుడిచి, మొదటిసారి నలుగురి ఎదుట పెట్టుకున్నాడు. కాగితం మీద ఒక్కటే వాక్యం.

మలయ్ భాషలో ఏ/పీ అంటే ‘కూతురు’.