తల్లి సాక్ష్యం

కర్నూలు కోర్టులో ఉచిత న్యాయసహాయం ఇచ్చే గది ముందు మద్దమ్మ పొద్దున్నుంచీ కూర్చునే ఉంది. ఎండ కాళ్ల మీదికొచ్చింది. జరగాలని తోచలేదు.

పక్కనున్న ముసలాయన పలకరించాడు.

"ఉచిత వకీలు కోసరమా, అక్కా? మన చేన్ల కరెంటు మాదిరే. ఉచితమే గానీ యాళకు రాదు."

నవ్వాల్సిన మాటేనని ఆమెకు తెలుసు. నవ్వు రాలేదు.

లోపల శివజ్యోతి అనే లాయరు కుర్చీ చూపించి, టీ ఇప్పించింది. అది వేడిగా ఉందో చల్లారిందో మద్దమ్మకు తెలియలేదు.

"ఏం కేసమ్మా?"

"ఖూనీ కేసు. వీరభద్ర అని, ఇంగా పెండ్లి గూడా కాలేదు. జైల్లో ఉండాడు. వకీలును పెట్టే శక్తి లేదు."

"ఇట్లాంటి కేసుల్లో ఖర్చంతా పార్టీ పెద్దాయనే పెట్టుకుంటాడు కదా?"

"ఈనికి ఎవురూ పెట్టలేదు. మా పెద్దాయనకు తెలీకుండా వచ్చినా. మా ఊర్లో ఒకడు సస్తే, అవతలి పార్టీలో వయసు మొగోళ్ల పేర్లన్నీ రాయిస్తారు. అట్లా ఈని పేరూ రాయించిరి."

"జైలుకు పోయి చూశావా?"

"పోతి. నన్ను సూడనని లోపల్నించే చెప్పి పంపిచ్చె."

"బాధలో ఉంటాడులే. జైల్లో ఉన్నవాళ్లకు ఆస్తిపాస్తులు చూడకుండానే లాయర్ను ఇస్తాం. అతను ఒప్పుకుని సంతకం పెట్టాలి. మా మనిషిని పంపుతాను." శివజ్యోతి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. చేశాడా?"

"లేదమ్మా. ఊరికంతా మోటర్లు బాగుచేసేది వాడే. ఆ పొద్దు మా చేన్లో బోరు మోటరు పైకి తీస్తాండె. నేను పక్కనే ఉంటి. అప్పుడే ఊర్లోనించి మనిషి పరిగెత్తుకొచ్చి, పొడిచి సంపినారని చెప్పె."

"ఆ మాట కోర్టులో చెప్తావా?"

"ఇంటికి అగ్గి పెట్టినా చెప్తా."

ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అంది.

శివజ్యోతి పెన్ను పక్కన పెట్టింది. "అయినా కష్టమమ్మా. ముందుకొచ్చిన సాక్షివి నువ్వొక్కదానివే. కొడుకు కోసం తల్లి చెప్పే సాక్ష్యాన్ని జడ్జిగారు అంత తేలిగ్గా నమ్మరు."

మద్దమ్మ కొంగు సర్దుకుంది.

"నమ్ముతారులేమ్మా, సచ్చిపోయినోడు నా కొడుకు."