గనిలోని మట్టి

జకరయ్య పొద్దున్నే చేనికి పోయి చూస్తే, గట్టు వారన ఎవరో మట్టి తవ్వుకుపోయారు.

అది నాపరాళ్ళు తీసి వదిలేసిన పాత గని. మూడేళ్ళుగా జకరయ్య ఆ గుంతను పూడ్చి, పైన చెరువుమట్టి తోలి, గొర్రెల మంద నిలిపి, జనుము చల్లి పూత మీద కలియదున్నుతున్నాడు. ఇంకా ఒక్క గింజ ఇంటికి రాలేదు. నంద్యాల కంట్రాక్టరు చెత్తరాళ్ళు పోసుకోవడానికి ఆ నేల అడిగాడు. భార్య దెబోరా పోరు పడలేక, ఈ రోజు ఇచ్చేస్తానని జకరయ్య ఒప్పుకున్నాడు.

"మన చేన్లో దొంగలు పడినారు" అన్నాడు ఇంటికి వచ్చి.

దెబోరా పకపకా నవ్వింది. "ఆడ ఏముందని ఎత్తకపోతారు? రాళ్ళా?"

"మట్టి."

"ఆ మట్టికి దొంగంట! ఎవరో పిచ్చోడయ్యుంటాడు."

కాళ్ళు కడుక్కోవడానికి జకరయ్య పెరట్లోకి పోయాడు. బీరపాదు మొదట్లో తడి ఆరని నల్లమట్టి ఉంది. అందులో గొర్రె పెంటికలు, జనుము మోళ్ళు. పందిరి నిండా కాయలు వేలాడుతున్నాయి.

"దొంగ దొరికినట్టుందే!"

దెబోరా కొంగుతో చేతులు తుడుచుకుంది. "పోయిన నెల ఒక గంప ఏస్తే ఇట్ల కాసింది. ఇంగో గంప తెచ్చుకొంటి. ఏం, తప్పా?"

"మరి ఇచ్చెయ్ ఇచ్చెయ్ అంటివే?"

అంతలో వాకిట్లో కంట్రాక్టరు పిలిచాడు. జకరయ్య కదిలేలోపే దెబోరా ముందుకు పోయింది.

"ఏందన్నా, బంగారట్లాంటి మట్టి మీద రాళ్ళు పోస్తావా? యాడన్నా గుంత చూసుకో పో!"