మెత్తటి మట్టి

"ఈడ తవ్వొద్దు సారూ," అన్నాడు ముసలాయన.

సురేంద్ర తిరిగి చూశాడు. భుజాన పాత కంబళి, చేతిలో కట్టె. ఎవరో గొర్రెల కాపరి అనుకున్నాడు.

అది 2009 వేసవి. బుక్కరాయసముద్రంలో సురేంద్ర కొత్త ఇల్లు దాదాపు పూర్తయింది. నీళ్లూ కరెంటూ ఆదా చేసే ఇళ్లకిచ్చే హరిత భవనం సర్టిఫికెట్‌ తన ఇంటికి రావాలని అతని పంతం. ఇంకుడు గుంత ఒక్కటే మిగిలింది. సోమవారం హైదరాబాదు నుంచి తనిఖీకి వస్తున్నారు.

"ఎందుకు తవ్వకూడదు?" అంది ఇంజనీరు హేమలత.

"ఈడ నేల గుల్లమ్మా. ఆ పక్కకు తవ్వుకోండి."

"ఆ పక్కంతా రాయి. ఇక్కడ బిందెడు నీళ్లు పోస్తే చిటికెలో ఇంకిపోయాయి. ఇంతకంటే మంచి చోటు దొరకదు."

"నేను చెప్తాండేదీ అదే."

"నీకెట్ల తెలుసప్పా?" అన్నాడు సురేంద్ర.

ముసలాయన కంబళి సర్దుకుని వెళ్లిపోయాడు.

మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు.

"తిప్పన్నా, ఈయన్ను మళ్లా లోపలికి రానీయొద్దు," అన్నాడు సురేంద్ర.

వాచ్‌మన్ తిప్పన్న ఆయన్ను రెక్క పట్టుకుని గేటు బయట వదిలాడు. ఆయన వెళ్లిపోలేదు. గేటు పక్కనే ఎండలో కూర్చున్నాడు.

శనివారానికి గుంత పది అడుగులు దిగింది. లోపల కూలి మారెక్క ఒక్కతే ఉంది.

"మట్టి మెత్తగుండాదన్నా. మధ్యాన్నానికి అయిపోతాది," అని కింది నుంచి కేకేసింది.

అప్పుడే గట్టు వెంబడి సన్నగా పగులు పారింది.

"ఇదేంది, బీట ఇచ్చింది?" అన్నాడు సురేంద్ర.

ఆ మాట విని ముసలాయన గేటు తోసుకుని వచ్చాడు. తిప్పన్న పట్టుకోబోతే చేతిలో కంబళి మిగిలింది.

ఆయన గుంతలోకి జారి దిగాడు. మారెక్కను భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"పైకి పోమ్మా. బిరీన."

సురేంద్ర, హేమలత ఆమె చేతులు పట్టి లాగారు.

ఆమె కాళ్లు గట్టు దాటగానే గట్టు ఆయన మీద కూలింది.

ఆయన్ను బయటికి తీసేసరికి సాయంత్రమైంది. పేరు ఎర్రిస్వామి అని అప్పుడు తెలిసింది.

భార్య హనుమంతమ్మ వచ్చింది. ఏడవలేదు. ఆయన మొహం మీది మట్టిని కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"నేల గుల్లని ఆయనకెట్ల తెలుసమ్మా?" అన్నాడు సురేంద్ర.

"ముందు ఈ చేను మాదే సారూ. ఈడ మా బావి ఉండె. కరువులో నీళ్లు అడుగుకు దిగిపోతే, ఇంకా లోతు చేద్దామని మా కొడుకు దిగినాడు. వాని మీద మట్టి కూలింది."

ఆమె ఆయన చేతుల మట్టి కూడా తుడిచింది.

"ఎన్ని దినాలు తవ్వినా వాడు అందలేదు. కడాకు ఈయప్పే తన చేతుల్తో బావి పూడ్చినాడు, కొడుకు లోపల ఉండంగానే."