గేటు దగ్గర ఐదు నిమిషాలు

టెస్సా హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

వినిపెగ్ నగరపు చలికి కారు అద్దాల అంచుల్లో మంచు పేరుకుపోయింది. ఎదురుగా కాలేజీ గేటు. దానికి అడ్డంగా నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని తిరుగుతున్న క్యాంటీన్ పనివాళ్లు. సమ్మె మొదలై ఆ రోజుకు తొమ్మిది రోజులు.

ఇంకో పావుగంటలో నర్సింగ్ పరీక్ష.

కారును జానెడు ముందుకు పోనిచ్చింది.

ఎర్రకోటు వేసుకున్న పెద్దావిడ ఒకామె కారుకూ జనానికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"తప్పుకోండి! మీకు పని లేదని మా చదువులు కూడా చెడగొడతారా?" లోపలి నుంచే అరిచింది టెస్సా.

ఇంకో జానెడు. బంపర్ ఆవిడ మోకాలికి తగిలింది.

జనం ఒక్కసారిగా అరిచారు. ఒకామె వచ్చి బానెట్ మీద దబదబా బాదింది.

"ఆగండర్రా, పిల్ల హడలిపోతోంది!"

పెద్దావిడ చేతులు చాపి వాళ్లను ఆపింది. కుంటుతూ వచ్చి అద్దం తట్టింది.

"బండి ఆపు తల్లీ. పరీక్ష ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకి."

"అందుకుంటావులే. ఒక్కో కారునీ ఐదు నిమిషాలు ఆపుతారు, అంతే. వాళ్లిచ్చే కరపత్రం తీసుకో, చదవకపోయినా పర్లేదు. నేను చెయ్యి ఊపాక మెల్లగా పోనియ్. కళ్లు మాత్రం మనుషుల మీదే ఉండాలి."

"మిమ్మల్ని పాఠాలు ఎవరు చెప్పమన్నారు?"

ఆవిడ ఐదు నిమిషాలయ్యాక జనాన్ని తనే పక్కకు జరిపి, కారు వెంట నడుస్తూ గేటు దాటించింది.

పరీక్ష బాగానే రాసింది టెస్సా. ఆ కుంటి నడక మాత్రం కళ్లముందు నుంచి పోలేదు.

నాలుగు రోజులకు సమ్మె ముగిసింది. టెస్సా క్యాంటీన్‌కు వెళ్లింది. సూప్ వడ్డిస్తున్నది ఆ రోజు బానెట్ బాదిన మనిషే. పేరు గ్లెనిస్.

"ఏం హారన్ పిల్లా, ఇలా వచ్చావ్?"

"ఆ ఎర్రకోటు ఆవిడ ఎక్కడుంటారండీ? క్షమించమని అడగాలి."

"వెరీనానా? వెళ్లిపోయింది. ఏ ఊరో ఎవరికీ తెలీదు."

"అదేంటి, మీతో పనిచెయ్యరా?"

"ఏనాడూ చెయ్యలేదు. మొదటిరోజు గేటు దగ్గర చూసి నేనే పొమ్మని అరిచా. తెల్లారేసరికి మళ్లీ వచ్చి కార్లకు ఎదురుగా నిలబడింది."

"మరి ఎవరామె?"

గ్లెనిస్ గరిటె కింద పెట్టింది.

"ఆరేళ్ల కిందట ఇలాంటి సమ్మెలోనే, క్లాసుకి ఆలస్యమైపోతోందని, మా ఆయన మీదుగా కారు పోనిచ్చిన మనిషి."