బడి పేరు

"కెవిన్, బోర్డు మీద గుడ్డ లాగు!" అని కేకేసింది మా ఆవిడ.

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్ల కాపురంలో నన్ను "ఏవండీ" అనడమే తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. నిన్నగాక మొన్నొచ్చిన ఆ అమెరికా పంతులికి మాత్రం నోరారా పేరు!

జపాన్‌లోని కోబేలో మా ముందుగది చాపల మీద మా ఆవిడ మొదలుపెట్టిన అంతర్జాతీయ బడి ఇవాళ మూడంతస్తుల మేడెక్కింది. "వతరు అంటే దాటడం కదండీ, సముద్రాలు దాటొచ్చిన పిల్లల బడి" అంటూ ఇన్నాళ్లూ ఆ పేరు ఇంగ్లీషులోనే రాయించింది. ఈసారి మా జపాను లిపిలో; అందులో పలుకు ఒకటే అయినా అర్థాన్ని బట్టి అక్షరం మారుతుంది.

గుడ్డ జారింది.

"అక్షరం తప్పు!" అని అరిచాను. "దాటడానికి రాసేది ఇది కాదు. ఇది... నా పేరుకి రాసేది."

మా ఆవిడ తల తిప్పలేదు. "మరి రోజూ బడి ఫోనెత్తి 'వతరు' అని నేను పిలుస్తున్నది ఎవర్నండీ?"