చూసిన ఊరు

"ఈ ఒక్కసారికి ఒంట్లో బాగాలేదని చెప్పేద్దామండీ," అంది భార్య.

వయొలిన్ మాస్టారు తీగ బిగిస్తున్నారు. ఒక మెలిక ఎక్కువ తిప్పారు. తీగ పుటుక్కున తెగింది.

ఏటా జరిగే కచేరీయే. సముద్రాల అవతల, యుద్ధంలో నేలమట్టమైన ఒక ఊళ్లో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లల కోసం. టిక్కెట్ల మీద వచ్చిందంతా అక్కడి అనాథాశ్రమానికి వెళ్తుంది. ఆ ఆశ్రమం ఊసు మొదట ఎత్తింది మాస్టారే. ఉద్యోగం వదిలేశాక, నడివయసులో వయొలిన్ పట్టుకుని పట్టుదలగా నేర్చుకున్నదీ ఇందుకోసమే.

"మీది వెన్నలాంటి మనసండీ," అనేవారు కమిటీ కార్యదర్శి. "ఒక్కసారి వెళ్లి ఆ పిల్లల్ని చూసొద్దాం రండి."

ఎంత బతిమాలినా మాస్టారు కదల్లేదు. "నాకు ప్రయాణాలు పడవయ్యా," అని తప్పించుకునేవారు.

ఈ ఏడు కార్యదర్శి కొత్త ఏర్పాటొకటి చేశారు. ఆ ఆశ్రమంలో పెరిగిన అమ్మాయొకతె ఇక్కడికొచ్చి నర్సింగ్ చదువుతోంది. ఇక్కడి భాష కూడా పట్టేసింది. ఆమెను వేదిక ఎక్కిస్తే జనం కరిగిపోతారని ఆయన ఉబలాటం. ఆ కబురు విన్నప్పట్నుంచీ మాస్టారింట్లో ఇద్దరికీ అన్నం సయించడం లేదు.

హాలు కిక్కిరిసిపోయింది. దీపాలు ఆర్పారు. తెర మీద కూలిన గోడలు, పొగ, దుమ్ము కొట్టుకుపోయిన పసిమొహాలు. ఎప్పట్లాగే మాస్టారు తెరకు వీపు పెట్టి వాయించారు.

వేదిక ఎక్కే వంతు కోసం ముందు వరుసలో కూర్చున్న ఆ అమ్మాయి తెరవైపు చూడటం లేదు. రెప్ప వెయ్యకుండా మాస్టారినే చూస్తోంది. వేదిక పక్కన నిలబడ్డ భార్య ఆ చూపు గమనించింది.

చప్పట్లు ఆగకముందే ఆవిడ ఆయన కోటు పట్టుకుని లాగింది.

"పదండి. వెనక గుమ్మంలోంచి వెళ్లిపోదాం."

వెనక గుమ్మానికి అడ్డంగా ఆ అమ్మాయి అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"తాతగారూ, మీతో ఒక్క మాట."

"ఆయనకి నలతగా ఉందమ్మా. ఇంకోసారి ఎప్పుడైనా..."

"అడగనీవే," అన్నారు మాస్టారు. వయొలిన్ పెట్టె కింద పెట్టారు.

అమ్మాయి ఓ అడుగు ముందుకేసింది.

"యుద్ధమప్పటికి నాకు మూడేళ్లటండీ. ఊరు ఎలా ఉండేదో ఏమీ గుర్తులేదు. అడుగుదామంటే మావాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మీరేమో మా ఊరంటే ఇంత ప్రాణం పెడతారు. అది కూలిపోకముందు ఎప్పుడైనా చూశారేమోనని..."

భార్య ఆయన మోచెయ్యి గట్టిగా నొక్కింది.

"చూశాను తల్లీ," అన్నారాయన. "అప్పుడే తెల్లారుతోంది. ఏరు కొడవలిలా వంపు తిరిగి ఉంది. ఒడ్డు పొడుగునా తెల్లటి డాబాలు. వాటిమీద రంగురంగుల బట్టలు ఆరేసి ఉన్నాయి. మధ్యలో బడి. దాని కప్పు ఎర్ర పెంకులది."

అమ్మాయి మొహం వెలిగిపోయింది. గబుక్కున ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది.

"నేను దొరికింది ఆ బడి పక్క సందులోనేనట! అయితే మా అమ్మావాళ్లు కూడా మీ కంటపడే ఉంటారు. ఎవరింట్లో దిగారు తాతగారూ?"

మాస్టారు చేతులు వెనక్కి తీసుకోలేదు. తల మాత్రం దించుకున్నారు.

"దిగలేదు తల్లీ... బాంబులు వదిలేసి, విమానాన్ని పైనుంచే వెనక్కి తిప్పేశాను."