ఉత్త చుట్టు

"నా కొడుకు సీటు పోయిందని చెప్పడానికి వచ్చావా, మార్గో? అయితే గుమ్మంలోనే చెప్పి వెళ్లు. టీ దండగ," అన్నాడు డెరిక్ హాల్డెన్, తలుపు సగమే తెరిచి.

"కాదు. కూర్చుని చెప్పాల్సిన మాట."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ముందు గదిలో కిట్ సోఫాలో జారగిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు. రెండు చీలమండలకూ కట్లు. మూడేళ్లుగా అతని రేసు కారుకు ఇంజనీరు మార్గోయే. ఏడు వారాలుగా మాత్రం అతని ముఖంలోకి సూటిగా చూడలేకపోతోంది.

లోకానికి తెలిసిన సంగతి ఒకటే. ఆగస్టు రేసులో, మిల్లు మలుపు దగ్గర కిట్ యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. కారు తిరగకుండా గడ్డి మీదుగా తిన్నగా పోయి టైర్ల గోడకు కొట్టుకుంది. విచారణలో అతను తప్పు తనదేనని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. వచ్చే ఏడాది కారు నడిపే సీటు టీమ్ యజమాని ఇంకొకరికి ఇవ్వబోతున్నాడని వినికిడి.

మార్గోకు తెలిసిన సంగతి వేరు.

రేసు కారు ముక్కుకు ఉండే రెక్క, గాలి బలంతో ముందు చక్రాలను రోడ్డుకు అదిమి పెడుతుంది. దాని పలకను స్పానరుతో ఒక చుట్టు లేపితే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. మరీ లేపితే తోక జారిపోతుంది. ఆ రోజు రేసు మొదలయ్యే ముందు, ముక్కు మొరాయిస్తోందనీ రెండు చుట్లు లేపమనీ కిట్ అడిగాడు. ఆ ఈదురుగాలిలో లేపితే తోక నిలవదని మార్గో లెక్క. కానీ కాదంటే డ్రైవరు మనసు విరుగుతుంది. అందుకని సరేనంటూనే, నడుం వెనక పిడికిలి బిగించి మెకానిక్ నెవిల్‌కు చూపించింది.

నెవిల్‌కు ఆ సైగ కొత్త కాదు. మోకాళ్ల మీద కూర్చుని, స్పానరు తగిలించి, మణికట్టు మాత్రం ఆడించి లేచాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఉత్త చుట్టు. పలక వెంట్రుకవాసి కదలదు. అయినా కదిలిందన్న నమ్మకంతో డ్రైవరు వేగం పెంచుతాడు. స్టీరింగు మీద పిల్లాడి చేతులకు అబద్ధం తెలిసిపోతుందని నెవిల్ అంతకుముందొకసారి గొణిగితే, మార్గో నవ్వి కొట్టిపారేసింది.

ప్రమాదం తర్వాత ఆ మలుపులో కిట్ యాక్సిలరేటర్ ఎంత తొక్కాడో చూపే గీతను కంప్యూటరులో చూసింది. కాలు ఎక్కడా సడలలేదు. తన మాట మీద ఎంత నమ్మకముంటే అలా తొక్కి ఉంటాడు!

ఇప్పుడు అదంతా తండ్రీకొడుకుల ముందు, తల వంచుకుని, ఒక్కటీ దాచకుండా చెప్పింది. డెరిక్ ముఖం జేవురించింది. ఇంత మోసానికి నా ఇంట్లో కుర్చీ కూడా వేశానే అన్నాడు. ఏడు వారాలు నోట్లో ఏం పెట్టుకున్నావని అడిగాడు. ఆయన ఆగాక మార్గో మిగిలింది చెప్పింది.

"పొద్దున్నే యజమానికి అంతా రాసిచ్చాను. నన్ను తీసేశారు, అది న్యాయమే. తప్పు కుర్రాడిది కాదు కాబట్టి సీటు కిట్‌కే ఉంచుతామన్నారు."

డెరిక్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్ను గెంటెయ్యాలో, దండం పెట్టాలో తెలీట్లేదమ్మా. వీడికి ఏడేళ్లప్పట్నించీ ప్రతి ఆదివారం, వానైనా సరే, చిన్న కార్ల రేసులకు తీసుకెళ్లాను. ఒక్కటంటే ఒక్క ఆదివారం మానలేదు."

"నేనూ మానలేదు," అన్నాడు కిట్, తండ్రి వైపు చూడకుండా.

"విన్నావా? అదీ వీడి పట్టుదల!" అంటూ డెరిక్ తమ్ముడికి కబురు చెప్పడానికి వంటింట్లోకి పరుగెత్తాడు.

మార్గోకు ఏడు వారాల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడినట్టయింది. తల ఎత్తి చూసింది. కిట్ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎందుకు చెప్పారు మీరు?" అన్నాడు మెల్లగా.

"నా పాపం నువ్వు మోస్తుంటే చూస్తూ ఎలా ఊరుకోను?"

"తప్పు నాదేనని చెప్పాను కదా. అక్కడితో వదిలెయ్యాల్సింది."

"అది నీ మంచితనం, కిట్. రెక్క లేపామని నమ్మావు కాబట్టే కాలు తియ్యలేదు. లేపలేదని తెలిసి ఎవరైనా ఆ మలుపులోకి అలా వెళ్తారా?"

వంటింట్లో డెరిక్ ఫోనులో పెద్దగా నవ్వుతున్నాడు. మార్చి కల్లా వాణ్ని మళ్లీ కార్లో కూర్చోబెడతానని తమ్ముడితో పందెం కాస్తున్నాడు. కిట్ అటువైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"తెలిసే వెళ్లాను."